చావాల్సిన కణం చావకపోతే: ఆరోగ్య, పరిశోధన శాఖలకు బహిరంగ లేఖ

కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఆరోగ్య, ఉన్నత విద్య, శాస్త్ర సాంకేతిక శాఖల అధికారులకు, పరిశోధనలకు నిధులిచ్చే సంస్థల పెద్దలకు

నమస్కారం.

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రం చెప్పే అధ్యాపకురాలిని. 14 ఏళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉన్నాను. పాఠాలతో పాటు మా విభాగంలో కణ మరణం మీద పనిచేస్తున్నాను. అంటే ఒంట్లో కణాలు ఎలా చనిపోతాయి, చనిపోవాల్సినవి ఎందుకు చనిపోవు అన్నదే నా విషయం. ఇక్కడ రాసే సంగతుల మీదే 2023 నుంచి మూడు వినతిపత్రాలు పంపాను. మొదటిదానికి రసీదు వచ్చింది. రెండోదాన్ని సంబంధిత విభాగానికి పంపించామన్నారు, ఆ విభాగం ఏదో ఇప్పటికీ నాకు తెలియదు. మూడోదానికి ఏ కబురూ లేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు విషయం ఏమిటో చెప్పాలి. ఈ ఫైలు ఎక్కడికి వెళ్ళినా, "కణాలు చస్తే మనకేంటి" అన్న దగ్గరే ఆగిపోతోందని నా అనుమానం.

తల్లి కడుపులో బిడ్డ చెయ్యి మొదట అట్లకాడలా ఉంటుంది. వేళ్ళ మధ్యనున్న కణాలు వేళకు చనిపోతేనే అయిదు వేళ్ళూ విడివడతాయి. కప్పపిల్లకు తోక పోయేదీ అలాగే. పెద్దయ్యాక కూడా మన ఒంట్లో రోజూ వేల కోట్ల కణాలు చనిపోతుంటాయి, వాటి చోట కొత్తవి పుడుతుంటాయి. 1972లో జాన్ కెర్, ఆండ్రూ వైలీ, ఆలస్టేర్ కరీ అనే ముగ్గురు ఈ పద్ధతైన చావుకు అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. చెట్టు నుంచి ఆకు రాలడాన్ని గ్రీకు వాళ్ళు ఆ మాటతో చెప్పేవారు. క్లాసులో నేను పండుటాకు రాలడం అంటాను, పిల్లలకు వెంటనే తెలుస్తుంది. ఒక మిల్లీమీటరు పొడవుండే సూక్ష్మమైన పురుగులో ఇదెంత లెక్క ప్రకారం జరుగుతుందో కూడా చూశారు. దాని ఒంట్లో 1,090 కణాలు పుడతాయి, సరిగ్గా 131 చనిపోతాయి, 959 మిగులుతాయి. ఆ జాతిలో ఎక్కువగా ఉండే ఉభయలింగ పురుగులన్నిటిలోనూ అదే లెక్క. ఈ పనికి 2002లో బ్రెన్నర్, హార్విట్జ్, సల్‌స్టన్‌లకు నోబెల్ వచ్చింది.

మరి పండుటాకు రాలకుండా కొమ్మకే అంటుకుని ఉండిపోతే? క్యాన్సర్‌లో సగం కథ అదే. కణం లోపల మైటోకాండ్రియా ఉంటాయి, శక్తి పుట్టేది అక్కడ. చావమని సంకేతం అందినప్పుడు వాటి గోడకు రంధ్రాలు పడతాయి. లోపలి పదార్థం బయటికి పొంగి, కాస్పేస్‌లనే ఎంజైములను లేపుతుంది. అవి కణాన్ని లోపలినుంచే ముక్కలు చేస్తాయి. ఆ గోడకు రంధ్రం పడకుండా కాపలా కాసే ప్రోటీన్ పేరు బీసీఎల్-2. లింఫోమాలనే కొన్ని రక్షక కణాల క్యాన్సర్లలో క్రోమోజోములు విరిగి అటూఇటూ అతుక్కోవడంతో ఈ కాపలా ప్రోటీన్ మితిమీరి తయారవుతుంది. అది కణాన్ని వేగంగా పెంచడం లేదు, చావనివ్వడం లేదు అని 1988లో మెల్‌బోర్న్‌లో డేవిడ్ వో తోటివాళ్ళతో కలిసి చూపించాడు. అంతవరకూ క్యాన్సర్ అంటే పెరుగుదల రోగం అనే అనుకున్నారు. చావు తప్పించుకోవడం కూడా క్యాన్సరేనని తేలింది అప్పుడే.

రోగనిరోధక శక్తికీ ఇదే ఆధారం. టీ కణాలనే రక్షక కణాల్లో మన సొంత ఒంటి మీదికే తిరగబడేవాటిని గుండె పైనున్న థైమస్ గ్రంథిలోనే ఒళ్ళు ఏరి చంపేస్తుంది. ఆ ఏరివేత జరగకపోతే ఒళ్ళే ఒంటికి శత్రువవుతుంది. వైరస్ పట్టిన కణాన్నో, క్యాన్సర్ కణాన్నో మన రక్షక కణాలు చంపేది కూడా ఈ అపోప్టోసిస్ మీటను నొక్కే. పొరకు కన్నం పెట్టి, గ్రాంజైములనే ఎంజైములను లోపలికి వదులుతాయి. మీట పాడైన క్యాన్సర్ కణం మందుకూ లొంగదు, రక్షక కణానికీ లొంగదు. అందుకే మా విభాగంలో క్యాన్సర్‌ను, ఇమ్యూనిటీని వేరు వేరు పాఠాలుగా చెప్పడం మానేశాం.

ఇక ఈ లేఖ రాయించిన సంగతి.

మా పెద్దమ్మది ఇల్లందు. 71 ఏళ్ళ వయసులో ఆమెకు నీరసం, చిగుళ్ళ నుంచి రక్తం మొదలయ్యాయి. ముందు రక్తం తక్కువని బలం మాత్రలు ఇచ్చారు. హైదరాబాద్ తీసుకెళ్ళి బోన్ మారో పరీక్ష చేయిస్తే ఏఎంఎల్ అని తేలింది, తీవ్రమైన బ్లడ్ క్యాన్సర్. ఆ వయసులో గట్టి కీమో తట్టుకోలేదు, అజాసిటిడిన్ ఇంజెక్షన్‌తో పాటు వెనెటోక్లాక్స్ మాత్రలు వాడదాం అన్నారు డాక్టరు గారు. ఆ పేరు వినగానే నాకు నోట మాట రాలేదు. ఆ మాత్ర నా పాఠం. బీసీఎల్-2 కాపలాను పక్కకు నెట్టి, కణాన్ని దాని చావు దాన్ని చావనిచ్చే మందు. 1988 నాటి ఆ పరిశోధన 2016లో మందుగా అమెరికాలో అనుమతి పొందింది. పెద్ద వయసు ఏఎంఎల్ రోగుల్లో ఒక్క అజాసిటిడిన్‌తో సగటు రోగి 9.6 నెలలు బతికితే, రెండూ కలిపితే 14.7 నెలలు బతికినట్టు 2020లో తేలింది. రోగం అణిగినవాళ్ళు 28 శాతం నుంచి 66 శాతానికి పెరిగారు. ఈ అంకెలు నేను బోర్డు మీద రాసి చూపించినవే.

మేం ఒక నెల మాత్రలు కొన్నాం. చిట్టీ పాడి, అక్క గాజులు తాకట్టు పెట్టి కొన్నాం. రెండో నెల కొనలేకపోయాం. ఏ పథకం కిందైనా వస్తుందేమో అని మా అన్నయ్య ఒక కార్యాలయం చుట్టూ ఆరు వారాలు తిరిగాడు. ఒకరు జాబితాలో ఉందన్నారు, ఒకరు లేదన్నారు, ఒకరు ఆస్పత్రివాళ్ళనే అడగమన్నారు. జాబితా చూపించమంటే మాత్రం ఎవరూ చూపించలేదు. పెద్దమ్మ ఏడో నెలలో పోయింది. ఆ మందు వాడితే బతికేదని నేను అనను. సగటు అంటే ఏంటో నాకు తెలుసు. కానీ ఆ అవకాశం ఆమెకు దక్కలేదు. దక్కకపోవడానికి కారణం ఆమె ఒళ్ళు కాదు, డాక్టరూ కాదు.

ఇదొక్క కుటుంబం బాధ అనుకోవద్దు. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి 14 లక్షలకు పైగా కొత్త క్యాన్సర్ కేసులు, 9 లక్షలకు పైగా మరణాలు. ఈ అంకెల వెనక ఎన్ని తాకట్లున్నాయో ఎవరూ లెక్క కట్టలేదు.

రెండో సంగతి మా ల్యాబు.

కణం చనిపోయిందా, ఏ రకంగా చనిపోయింది అన్నది చూడటానికి ఫ్లో సైటోమీటర్ కావాలి. చనిపోతున్న కణం తన పొర లోపలి కొవ్వు పదార్థాన్ని బయటికి తిప్పుతుంది. నన్ను తినెయ్ అని పక్క కణాలకు చేసే సైగ అది. అనెక్సిన్ అనే ప్రోటీన్‌కు రంగు తగిలించి, దాంతో ఆ సైగను పట్టుకుంటాం. మా దగ్గర ఆ యంత్రం ఉంది, 2021 నుంచి లేజర్ పాడై మూలపడింది. బాగు చేయించడానికి పెట్టిన ఫైలుకు నాలుగు సార్లు కొర్రీలు పడ్డాయి. మా స్కాలర్లు కణాలను ఐసు పెట్టెలో పెట్టుకుని ఇంకో నగరంలోని సంస్థకు బస్సులో తీసుకెళ్తారు. దారిలోనే కొన్ని చనిపోతాయి. మందు వల్ల చచ్చిన కణమేదో, బస్సు వల్ల చచ్చిన కణమేదో విడదీయలేని ఫలితం మీద థీసిస్ రాయాల్సి వస్తోంది. గత ఎండాకాలం రాత్రి కరెంటు పోయి, జనరేటర్‌కు డీజిల్ లేక, డీప్ ఫ్రీజర్‌లోని నాలుగేళ్ళ శాంపిల్స్ కరిగిపోయాయి. పొద్దున తలుపు తీసి చూసిన అమ్మాయి నేల మీద కూలబడి ఏడ్చింది. ఆ శాంపిళ్ళలో రోగులు నమ్మకంతో ఇచ్చిన రక్తం కూడా ఉంది.

దీని ఫలితం మా గోడల లోపలే ఆగిపోతే నేను ఇంత గట్టిగా అడిగేదాన్ని కాదు. యంత్రాలు లేని ల్యాబుల్లో మిగిలేది ఎంటీటీ పరీక్ష ఒక్కటే. ఏదో ఒక ఆకు తెచ్చి, రసం తీసి, ప్లేటులో పెంచిన క్యాన్సర్ కణాల మీద పోస్తారు. ఊదారంగు తగ్గితే కణాలు చచ్చాయని రాసేస్తారు. నిజానికి ఆ రంగు కణంలో జీవక్రియ ఎంత జరుగుతోందో మాత్రమే చెబుతుంది. కణం చచ్చినా తగ్గుతుంది, పెరగడం ఆపినా తగ్గుతుంది, ఉప్పు ఎక్కువైనా తగ్గుతుంది. మంచి కణాల మీద అదే రసం పోస్తే ఏమవుతుందో చాలామంది చూడరు. మన విశ్వవిద్యాలయాల్లో ఈ తరహా పరిశోధనలు గుట్టలుగా పేరుకున్నాయి. మా విభాగం నుంచీ వచ్చాయి, నేనూ చెయ్యి వేశాను, ఒప్పుకుంటున్నాను. ఆ పేపర్ ఒక వార్తవుతుంది, వార్త వాట్సాప్‌లో ఫలానా ఆకుతో క్యాన్సర్ మాయం అని తిరుగుతుంది. మా వీధిలో ఒకావిడ రొమ్ము క్యాన్సర్‌కు రెండు కీమోలయ్యాక మానేసి ఐదు నెలలు ఆకు రసం తాగింది. మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళేసరికి జబ్బు కాలేయానికి పాకింది. ఆమె నన్ను అడిగింది, "మీ యూనివర్సిటీ వాళ్ళే కనుక్కున్నారట కదమ్మా" అని. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మనవాళ్ళకు చేతకాక కాదు. మా ఊరికి బస్సులో గంట దూరంలో ఉన్న కొత్తగూడెంలోనే తిరుమలాదేవి కన్నెగంటి పుట్టారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో డిగ్రీ, ఉస్మానియాలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేశారు. ఇవాళ అమెరికాలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల ఆస్పత్రిలో కణ మరణం మీద ప్రపంచం చూస్తున్న ల్యాబు ఆమెది. అపోప్టోసిస్ నిశ్శబ్దంగా జరిగే చావు. పైరోప్టోసిస్, నెక్రోప్టోసిస్ అని కణం పగిలి, వాపు పుట్టించి, చుట్టుపక్కల రక్షక కణాలకు కబురు పెట్టే చావులూ ఉన్నాయి. ఈ మూడూ వేరు వేరు దారులు అనుకునేవారు. అవి కలిసికట్టుగా ఒకే యంత్రాంగం నుంచి నడవగలవని ఆమె బృందం చూపించి, 2019లో పాన్‌ఆప్టోసిస్ అని పేరు పెట్టింది. కోవిడ్ రోజుల్లో కొందరికి ఒళ్ళంతా వాపు తన్నుకొచ్చి అవయవాలు దెబ్బతిన్నాయి, గుర్తుండే ఉంటుంది. పరీక్షించిన రసాయన సంకేతాల్లోంచి టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా అనే రెండు కలిసినప్పుడే ఇలా కణాలు మూకుమ్మడిగా చస్తాయని 2021లో ఆ ల్యాబు చెప్పింది. ఆ రెంటినీ అడ్డుకుంటే ఎలుకలు బతికాయి. అదే ఏడాది ఇంకో పేపర్‌లో ఇదే చావును ఉద్దేశపూర్వకంగా రేపితే ఎలుకల్లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ గడ్డలు తగ్గాయని చూపించారు. ఒక చోట ఆపాల్సిన చావు, ఇంకో చోట లేపాల్సిన చావు. ఎప్పుడు ఏది అన్నది తెలుసుకోవడమే ఇప్పుడు మిగిలిన పని.

ఆమె చదివిన బెంచీల్లాంటి వాటి మీదే ఇప్పుడు మా పిల్లలు కూర్చుంటున్నారు. వాళ్ళ ముందున్న యంత్రం మాత్రం 2021 నుంచి ఆగిపోయి ఉంది.

మన దేశంలో అయిన పనులూ చెప్పాలి, లేకపోతే అన్యాయం. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 1998 నుంచి ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌కు ఇక్కడే తయారు చేయించుకున్న ఆర్సెనిక్ మందును వాడి, 72 మంది రోగుల ఫలితాలను 2006లో ప్రకటించారు. తక్కువ ఖర్చుతో చాలామంది నిలబడ్డారు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తెచ్చిన కార్-టీ చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. రోగి టీ కణాలకే క్యాన్సర్ కణాన్ని పట్టి చంపడం నేర్పించే చికిత్స అది. విదేశాల్లో అయ్యే ఖర్చులో దాదాపు పదో వంతుకే తెచ్చారు. ఆ పదో వంతు కూడా మా ఊళ్ళో ఎవరికీ అందదు, అయినా దారి పడింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి చేతుల మీదుగా వచ్చిన మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు ఇవాళ మండల కేంద్రంలోని మందుల షాపులోనూ దొరుకుతుంది. కొత్త మందులు ఆ దూరం ప్రయాణించడానికి ఎన్నేళ్ళు పట్టాలన్నది మీ చేతుల్లో ఉంది.

ఇప్పుడు నేను అడిగేవి.

1. ఏ క్యాన్సర్ మందు ఏ పథకంలో ఉందో తెలుగులో రాసి, ప్రతి ప్రభుత్వ ఆస్పత్రి గోడ మీద, మీ సైటు మొదటి పేజీలో పెట్టండి. ఇది ఒక్క రోజు పని. 2025-26 బడ్జెట్‌లో 36 ప్రాణరక్షక మందులకు కస్టమ్స్ సుంకం పూర్తిగా ఎత్తేశారు, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు. మంచి నిర్ణయాలే. వాటి ఫలం తనకు వర్తిస్తుందో లేదో రోగి బంధువుకు తెలిసే దారి మాత్రం లేదు. వెనెటోక్లాక్స్‌తో సహా, ప్రాణం పొడిగించినట్టు రుజువైన మందులను పథకాల్లో చేర్చే విషయం మీద నిపుణులతో సమీక్ష జరిపి, చేర్చకపోతే ఎందుకు చేర్చలేదో రాతపూర్వకంగా చెప్పండి. ధర మీదా దారులున్నాయి. దేశంలోని క్యాన్సర్ ఆస్పత్రుల కూటమి అయిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లోని ఆస్పత్రులు కలిసికట్టుగా 40 మందులు కొంటే రూ. 1,320 కోట్లు ఆదా అయింది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఆస్పత్రులూ అలా కలిసి ఎందుకు బేరం చేయకూడదు?

2. తక్కువ మోతాదు పరిశోధనకు ప్రభుత్వమే డబ్బు పెట్టాలి. దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది మన చేతిలో ఉన్న పని. ఏఎంఎల్ రోగులకు ఫంగస్ ఇన్ఫెక్షన్లు రాకుండా వోరికొనజోల్, పోసకొనజోల్ లాంటి మందులు ఇస్తుంటారు. అవి వాడుతున్నప్పుడు కాలేయం వెనెటోక్లాక్స్‌ను నెమ్మదిగా విరగ్గొడుతుంది, మందు ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. అందుకే రోజుకు 400 మిల్లీగ్రాముల బదులు 100, పోసకొనజోల్‌తో అయితే 70 మిల్లీగ్రాములు చాలని మందు వివరాల పత్రంలోనే రాసి ఉంది. మన దేశంలో కొందరు రక్తవ్యాధి నిపుణులు దీన్నే ఖర్చు తగ్గించే మార్గంగా వాడుతున్నారు. ఒక్కో విడతలో 28 రోజుల బదులు తక్కువ రోజులు ఇస్తే ఎలా ఉంటుందన్న ప్రశ్న మీదా పనిచేస్తున్నవాళ్ళున్నారు. అమ్మకం తగ్గించే ప్రశ్నకు ఏ కంపెనీ డబ్బు పెట్టదు. పెట్టాల్సింది ప్రభుత్వమే. హైదరాబాద్, విశాఖపట్నం, తిరుపతిల్లోని ప్రభుత్వ, ట్రస్టు ఆస్పత్రులు కలిసి ఒక పెద్ద ట్రయల్ చేస్తే జవాబు దేశమంతటికీ పనికొస్తుంది. (ఇది చదివే రోగులకు ఒక మాట. దయచేసి మీ అంతట మీరు మోతాదు తగ్గించుకోవద్దు. డాక్టరు లెక్క కట్టి ఇవ్వాల్సిన విషయం ఇది.)

3. జిల్లా ఆస్పత్రుల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని 2025లో కేంద్రం ప్రకటించింది. మూడేళ్ళలో అన్ని జిల్లాలకూ అన్నారు. చాలా సంతోషం. అయితే వాటిలో రాత్రి నడిచే ల్యాబు కూడా ఉండాలి. క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా పెద్ద సంఖ్యలో చస్తే లోపలి పొటాషియం, యూరిక్ యాసిడ్ రక్తంలోకి పొంగుతాయి. గుండె లయ తప్పుతుంది, కిడ్నీలు ఆగిపోతాయి. అందుకే వెనెటోక్లాక్స్ లాంటి మందులు మెట్లు మెట్లుగా పెంచుతూ, గంటల తేడాతో రక్తం చూస్తూ ఇస్తారు. సాయంత్రం ఐదింటికి తాళం పడే ల్యాబుతో ఈ వైద్యం జరగదు. కీమో తర్వాత తెల్ల రక్తకణాలు పడిపోయి జ్వరం వచ్చినవాళ్ళకు గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. మా పెద్దమ్మకు రాత్రి రెండింటికి జ్వరం వస్తే, దగ్గర్లోని ఆస్పత్రిలో రక్తపరీక్ష చేసేవాళ్ళు లేక ఖమ్మం తీసుకెళ్ళాం. దారి పొడుగునా టెన్షన్.

4. రాష్ట్ర విశ్వవిద్యాలయాల ల్యాబులకు మరమ్మతు డబ్బు విడిగా ఇవ్వండి. యంత్రం కొనడానికి గ్రాంటు దొరుకుతుంది, ఫొటో కూడా దిగుతారు. లేజర్ మార్చడానికి, డీజిల్ పోయడానికి దొరకదు. పరిశోధనలకు నిధులిచ్చే అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం 2023లో వచ్చింది, ఐదేళ్ళలో రూ. 50,000 కోట్లు అన్నారు. అందులో పెద్ద భాగం ప్రైవేటు నుంచి రావాలన్నది లెక్క. 2020-21 లెక్క ప్రకారం మన దేశం పరిశోధన మీద పెట్టిన మొత్తం ఖర్చు జీడీపీలో 0.64 శాతం. అందులోంచి జిల్లాల్లోని విశ్వవిద్యాలయాలకు చేరేదెంత, ప్రతి ఏటా బయట పెట్టండి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థల్లోని యంత్రాలు మా స్కాలర్లు నామమాత్రపు రుసుముతో, ముందే తేదీ ఖాయం చేసుకుని వాడుకునే ఏర్పాటు చేసినా చాలా మేలు. అలాగే ఖాళీ పోస్టులు భర్తీ చేయండి. కాంట్రాక్టు వాళ్ళం స్కాలర్‌కు పని నేర్పిస్తాం, రాత్రి పక్కన కూర్చుంటాం, థీసిస్ దిద్దుతాం. గైడ్‌గా మా పేరు ఉండదు. నా సంగతి పక్కన పెట్టండి, రెగ్యులర్ గైడ్ లేక ఈ విషయం తీసుకునే అవకాశమే పిల్లలకు పోతోంది.

5. ఫెలోషిప్ నెలనెలా ఇవ్వండి. 2023 జనవరి నుంచి నెలకు జేఆర్ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) రూ. 37,000, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) రూ. 42,000 చేశారు. మా ల్యాబులో ఒక అబ్బాయికి అది ఏడు నెలలు రాలేదు. సెల్ కల్చర్ మధ్యలో వదిలి, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పాడు. కణాలకు సెలవులుండవు, రెండు రోజులకోసారి మేత మార్చకపోతే చస్తాయి. చివరికి ఆ అబ్బాయి మానేసి మందుల కంపెనీ క్వాలిటీ విభాగంలో చేరాడు. ఆ ఉద్యోగం తక్కువని కాదు, ఆ ప్రయోగం మళ్ళీ ఎవరూ మొదలుపెట్టలేదు.

6. సమ్మతి పత్రాలు తెలుగులో, చదువు రానివాళ్ళకూ అర్థమయ్యేలా ఉండాలి. ఈ మాట ఉమ్మడి ఖమ్మం జిల్లా మనిషిగా అడుగుతున్నాను. 2009లో మా జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు ఒక ప్రాజెక్టు కింద హెచ్‌పీవీ అనే వైరస్‌ను ఆపే టీకా వేశారు. కొందరు బాలికలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతీ బయటపడింది. టీకా మంచిదే. ఆ వైరస్ చేసే పనుల్లో ముఖ్యమైనది, పాడైన కణాన్ని చావమనే పీ53 అనే ప్రోటీన్‌ను నాశనం చేయించి, ఆ కణం చావకుండా చూడటం. అలా వచ్చే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 2022లో మన దేశంలో దాదాపు 1.27 లక్షల మంది ఆడవాళ్ళకు వచ్చిందని, 80 వేల మంది దాకా చనిపోయారని అంచనా. ఇంత పనికొచ్చే టీకా పేరెత్తితే మా వైపు తల్లులు ఇప్పటికీ బెదురుతారు. పత్రం మీద సంతకం తీసుకునే తీరు వల్ల పోయిన నమ్మకం అది. కొత్త క్యాన్సర్ మందుల ట్రయల్స్ ఇక్కడికీ రావాలని నేను కోరుకుంటున్నాను. వచ్చేటప్పుడు ఆ తప్పు మళ్ళీ జరగకూడదు.

7. క్యాన్సర్ నయమవుతుందని ప్రకటించే ముందు ఏ విశ్వవిద్యాలయమైనా ఏం పరీక్ష చేసింది, కణాల మీదా, జంతువుల మీదా, మనుషుల మీదా అన్నది మొదటి వాక్యంలోనే చెప్పాలని నిబంధన పెట్టండి. విలేకరుల సమావేశం పెట్టే మా పెద్దలకు కూడా ఇది వర్తించాలి.

ఇందులో మొదటిది, ఐదోది, ఆరోది, ఏడోది అమలు చేయడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. మూడు నెలల్లో అయిపోయే పనులు. మిగిలిన మూడింటికి ఒక కమిటీ వేసి, అందులో రోగుల కుటుంబాల నుంచి ఇద్దరినైనా, రాష్ట్ర విశ్వవిద్యాలయాల స్కాలర్ల నుంచి ఒకరినైనా కూర్చోబెట్టండి. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో, ఏం తేల్చిందో తెలుగులో బయట పెట్టండి.

నా మూడు వినతిపత్రాలు పంపిన తేదీలు, మొదటిదాని రసీదు నంబరు, ఫ్లో సైటోమీటర్ ఫైలు మీద పడిన నాలుగు కొర్రీల నకళ్ళు నా దగ్గర ఉన్నాయి. అడిగిన ఏ అధికారికైనా స్వయంగా తెచ్చి ఇస్తాను. నెల రోజులు చూసి, ఇదే లేఖను సంతకాలతో మళ్ళీ పంపుతాను. మా విభాగం పిల్లలు, పెద్దమ్మ ఉన్న వార్డులో పరిచయమైన పదకొండు కుటుంబాలు ఇప్పటికే సంతకం పెడతామన్నారు. వాళ్ళలో ఇద్దరు ఇంకా మందు మీదే ఉన్నారు. ఒకరికి వచ్చే నెల మాత్రలు కొనాలి.

ఇట్లు,
ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయ జీవరసాయన శాస్త్ర అధ్యాపకురాలు (కాంట్రాక్టు),
ఇల్లందు